మేష్ట్రు మామా, సంచిమూతి పక్షీ

భూమి దేనిమీద నిలబడి ఉందన్న విషయంలో మా నాయనకూ మేష్ట్రు మామకూ నా చిన్నప్పటి నుంచీ తగాదా. నాయన లెక్కలో భూమిని ఆదిశేషుడు పడగల మీద మోస్తున్నాడు. మామ పుస్తకంలో మాత్రం ఒక దేవదూత భూమిని భుజాల మీదికి ఎత్తుకున్నాడు. ఆ దేవదూత కాళ్ళ కింద కెంపురాయి బండ, బండ కింద ఎద్దు, ఎద్దు కింద చేప, చేప కింద నీళ్ళు. నీళ్ళ కింద ఏముందని అడిగితే చీకటి అనేవాడు. మరి చీకటి కింద?

“ఆడికి ఎవురూ పోలేదు కోడలా. అల్లాకే తెలుసు” అని పుస్తకం మూసేసేవాడు.

“ఎద్దంటే నేను నమ్మను బావా” అనేవాడు మా నాయన. “మన ఎద్దు కాడి కింద కాసేపు కుదురుగా నిలబడదు. అది ఇంత భూమిని మోస్తాదా?”

“కదిలితే ముక్కులోకి దోమ దూరతాదని దానికి బయం. అందుకే కదలకుండా ఉండాది. నీ పాము సంగతి చెప్పు. పాము యాడైనా కుదురుగా ఉంటాదా?”

మామ మాకు చుట్టం కాదు. ఉర్దూ ప్రైమరీ స్కూల్లో మేష్ట్రుగా పనిచేసి రిటైరైన సాయిబు. మా వైపు ఊళ్ళలో వరసలకు మతం అడ్డం రాదు. మా జేజికి, అంటే నాయన తల్లికి, ఆయన అమ్మ వదిన వరస, అందుకని నాయనకు ఆయన బావ, నాకు మామ. మా ఊరు కర్ణాటకలో, పావగడ నుంచి నాగలమడిక పోయే దారిలో ఉంటుంది. వాళ్ళ పెద్దవాళ్ళు ఎప్పుడో శిరా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారట. వచ్చేటప్పుడు వంటపాత్రలతో పాటు ఆ పుస్తకం కూడా బండిలో తెచ్చుకున్నారని చెప్పేవాడు.

అది సృష్టిలోని వింతల పుస్తకం. వందల ఏళ్ళ కిందట అరబ్బు దేశాల్లో, పారశీక దేశంలో పండితులు ఆకాశం నుంచి పాతాళం దాకా ఉన్నవన్నీ ఒకచోట రాసిపెట్టేవారట. గ్రహాలు, దేవదూతలు, సముద్రాలు, చెట్లు, రాళ్ళు, పురుగులు, అన్నీ. అట్లాంటి ఒకదాన్ని ఎవరో ఉర్దూలోకి మార్చి అచ్చు వేయించారు. మామ దగ్గరున్న ప్రతికి ముందు పేజీలు చెదలు తినేసినాయి. ఎవరు రాశారో, ఏం పేరు పెట్టారో ఆయనకూ తెలియదు. పాత క్యాలెండరు అట్టతో బైండు చేసుకున్నాడు. లోపల బొమ్మలుండేవి. ఏనుగును కాళ్ళతో ఎత్తుకుపోయే పక్షి, ఒక చెవి పరుచుకుని ఇంకో చెవి కప్పుకుని పడుకునే మనుషులు.

నాకు ఆ పుస్తకం పరిచయమైంది శనక్కాయలు ఒలిచే రోజుల్లో. వానలకు ముందు విత్తనం కాయలు చేత్తోనే ఒలవాలి, మిషన్లో వేస్తే పప్పు పగిలిపోతుంది. మా ఇంటి పంచలో ఆడవాళ్ళు గుంపుగా కూర్చునేవారు. బొటనవేళ్ళు వాచిపోయేవి. నొప్పి తెలియకుండా ఉంటుందని మా అమ్మ మామను పిలిపించేది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, ఉర్దూలో ఒక వాక్యం తనలో తను చదువుకుని, తెలుగులో మాకు చెప్పేవాడు.

ఒకరోజు ఓడవాళ్ళ కథ చెప్పాడు. సముద్రం నడుమ ఒక దీవి కనిపించిందట. దిగి, పొయ్యి రాజేసి వంట మొదలుపెట్టారట. కాసేపటికి దీవి కదిలిందట. అది దీవి కాదు, పెద్ద చేప వీపు. నిప్పు వేడి తగిలి చేప నీళ్ళలో మునిగిపోయింది.

మా అమ్మే మెల్లగా అడిగింది.

“అయితే పాపం, వాళ్ళు ముద్ద తినిండారా లేదా?”

మామ పుస్తకంలోకి చూశాడు. ఆ పేజీ తిప్పాడు, ఈ పేజీ తిప్పాడు. “అది రాయలేదు చెల్లెలా” అన్నాడు, తనే ఏదో తప్పు చేసినవాడి మాదిరి. ఆడవాళ్ళంతా నవ్వినారు. అమ్మ మాత్రం నవ్వలేదు. రాగిముద్ద చేసేవాళ్ళకే తెలుస్తుంది, సగం ఉడికిన సంగటి వదిలేసి లేవడం ఎంత బాధో.

హైస్కూలుకు వచ్చాక నేను ఆయనతో వాదించడం మొదలుపెట్టాను. ప్రపంచం చుట్టూ పచ్చల కొండ ఒకటుందని, దాని పేరు ఖాఫ్ అని, దాని మెరుపు పడే ఆకాశం నీలంగా కనిపిస్తుందని పుస్తకంలో ఉండేది. మా సైన్సు మేడమ్ ఆకాశం ఎందుకు నీలంగా ఉంటుందో చెప్పిన రోజే పరుగెత్తుకుని పోయి ఆయనకు పాఠం ఒప్పజెప్పాను. మామ చేతులు కట్టుకుని, స్కూలు పిల్లవాడి మాదిరి విన్నాడు.

“బాగుండాది కోడలా. పరీక్షలో అదే రాయి” అన్నాడు. తర్వాత, “వాళ్ళు కూడా నీ మాదిరే అడిగినవాళ్ళేమ్మా. ఆకాశం ఎందుకిట్లా ఉండాది అని అడిగినారు. వాళ్ళకు అందిన జవాబు వాళ్ళు రాసినారు. నమ్మకం లేనిచోట దేవునికే తెలుసు అని కూడా రాసినారు. మీ మేడమ్ పుస్తకంలో ఆ మాట ఉండాదా?”

లేదని ఒప్పుకోవాల్సి వచ్చింది.

నిజానికి ఆ పుస్తకంలో దోమలూ ఎద్దులూ మాత్రమే లేవు. చంద్రుడు ఎందుకు పెరిగి తరుగుతాడో, గ్రహణం ఎట్లా పడుతుందో సరిగ్గానే ఉండేది. మామ అన్నిటికంటే ఎక్కువసేపు ఆగేది తేనెటీగల దగ్గర. ఒకసారి తేనె తీసేసిన పట్టు ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టాడు. ప్రతి గదికీ ఆరు గోడలే ఎందుకున్నాయో చూడమన్నాడు.

“ఏనుగును ఎత్తుకపోయే పక్షిని చూస్తే ఎవురైనా నోరు తెరుస్తారు. దీన్ని చూసి నోరు తెరవాలంటే కొంచిం నేర్చుకోవల్ల” అన్నాడు.

నేను తర్వాత బి.ఎడ్. చేసి సైన్సు టీచరునయ్యాను. పావగడలోనే ఉద్యోగం, అక్కడే కాపురం. ఆదివారాలు స్కూటీ మీద ఊరికి వచ్చేదాన్ని. అమ్మ పోయిన తర్వాత సగం నాయన కోసం, సగం మామ కోసం.

ఆలోగా మా వైపు సోలారు వచ్చింది. వాన నమ్ముకుని శనక్కాయ వేసే భూములన్నీ లీజుకు పోయాయి, మావి కూడా. చూపు ఆనినంత దూరం నల్లటి ప్లేట్లు. నాయన మాత్రం పొద్దున్నే టవలు భుజాన వేసుకుని పొలానికి పోవడం మానలేదు. పొలం లేదు, ఫెన్సింగు ఉంది. ఆ ఫెన్సింగు పక్కన కాసేపు నిలబడి, గేటు దగ్గర వాచ్‌మన్‌తో మాట్లాడి వచ్చేవాడు. “మన మిట్టచేను ఆడ ఉండాది, ఆ మూడో వరస కింద” అని నాకు చూపించేవాడు. బాధగా చెప్పేవాడు కాదు, ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళకు దారి చెప్పినట్టు చెప్పేవాడు.

మామకు కళ్ళలో పొర వచ్చింది. పుస్తకం చదవడం ఆగిపోయింది. ఆపరేషన్ చేయించుకోమంటే, “ఈ వయసులో ఏం చూడల్లమ్మా ఇంక” అని తప్పించుకునేవాడు. అసలు సంగతి ఆయనకు సూది అంటే భయం. సాయంత్రాలు మా పంచలో కూర్చుని జ్ఞాపకం నుంచే చెప్పేవాడు. అప్పుడప్పుడు వరస తప్పేది.

“ఎద్దు కింద చేప బావా, చేప కింద ఎద్దు కాదు” అని నాయన సరిదిద్దేవాడు.

“నమ్మనంటావు కదా నువ్వు?”

“నమ్మేది లేదు. అయితే తప్పు చెప్తే ఊరుకోను.”

ఒక ఆదివారం, కార్తీకంలో మంచి వానలు పడి వెలిసిన తర్వాత, నేను పంచలో మామకు కాఫీ ఇస్తున్నాను. పొలం వైపు పోయిన నాయన ఆయాసపడుతూ వచ్చాడు.

“సోలారులో ఏందో పక్షి పడిండాదమ్మే. కొంగ మాదిరి ఉండాది, కొంగ కాదు. గొర్రెపిల్లంత ఉండాది. మూతి కింద సంచి ఉండాది!”

మామ కాఫీ గ్లాసు కింద పెట్టాడు. “సంచా? ఏం సంచి?”

“తోలు సంచి. నేను చూసినా కదా.”

“నన్ను పిల్చుకపో” అని మామ అప్పుడే లేచి నిలబడ్డాడు. చెప్పులు ఏవో తెలియక నాయన చెప్పులు తొడుక్కున్నాడు.

ఆయన్ను స్కూటీ వెనక కూర్చోబెట్టుకుని పోయాను. నాయన అడ్డదారిన నడిచి మాకంటే ముందే గేటు దగ్గర ఉన్నాడు. వాచ్‌మన్ మమ్మల్ని లోపలికి వదలడానికి వెనకాడాడు. సూపర్‌వైజరును పిలిచాడు. ఆయన ధారవాడ వైపు అబ్బాయి, కన్నడంలో మాట్లాడతాడు. నాయన ఎవరో తెలుసు కాబట్టి, “జాగ్రత్తగా రండి, వైర్లు ముట్టుకోవద్దు” అని చెప్పి తనే ముందు నడిచాడు.

రెండు వరసల ప్లేట్ల మధ్య, గడ్డిలో ఉంది ఆ పక్షి. బూడిద తెలుపు రంగు, ఒక రెక్క కింద రాసుకుపోయి కొంచెం నెత్తురు. ముక్కు మూరెడు పొడుగు, దాని కింద వేలాడే తోలు. గూడబాతు. పాఠ్యపుస్తకంలో బొమ్మ చూశాను, పిల్లలకు పాఠం కూడా చెప్పాను. కానీ ఇంత దగ్గర నుంచి ఎప్పుడూ చూడలేదు. పైనుంచి చూస్తే ఎండకు మెరిసే ప్లేట్లు చెరువు మాదిరి కనిపించి ఉంటాయి. నీళ్ళనుకొని దిగి, గాజుకు తగిలి జారి ఉంటుంది. అంత బరువున్న పక్షి పైకి లేవాలంటే పరుగుతీయడానికి చోటు కావాలి. వరసల మధ్య ఆ చోటు లేదు.

ప్లేట్లు కడిగే ఆడవాళ్ళిద్దరు అప్పటికే దాని మీద తడిపిన గోనెసంచి పట్టుకుని నీడ చేసి నిలబడ్డారు.

“పొద్దున్నుంచి ఇట్లే ఉండాదక్కా” అంది వాళ్ళలో ఒకామె. “నీళ్ళు పోస్తే నోరు తెరస్తాది. బకెట్టు పడతాది దాని నోట్లో!”

సూపర్‌వైజరు ఫారెస్టు వాళ్ళకు ఫోన్ చేశానన్నాడు. బయల్దేరారట, ఎప్పుడొస్తారో తెలియదు.

మామ నా చెయ్యి పట్టుకుని నెమ్మదిగా గొంతుకూర్చున్నాడు. ఆయనకు ఎదురుగా తెల్లటి మసక ఒకటి మాత్రమే కనిపిస్తోంది. “ముట్టుకోవచ్చునా?” అని అడిగాడు. పొడుస్తుందేమోనని సూపర్‌వైజరు భయపడ్డాడు. నాయన తన టవలు తీసి పక్షి తల మీద కప్పి, ముక్కును రెండు చేతులా మెత్తగా పట్టుకున్నాడు. కోడెదూడలను పట్టిన చేతులవి. పక్షి గింజుకోలేదు.

మామ వేళ్ళు ముక్కు మొదలు దగ్గర మొదలై కింది తోలు మీదికి జరిగాయి. అక్కడ ఆగాయి.

“యా అల్లా” అన్నాడు చిన్నగా. “వెచ్చగా ఉండాది బావా. మా ఇంటామె వక్కాకు సంచి ఉండాదే, అంత మెత్తగా ఉండాది. లోపల నెత్తురు కొట్టుకునేది తెలస్తాండాది.”

ఏనుగును మోసే పక్షి గురించి చెప్పేటప్పుడు కూడా ఆయన గొంతు అట్లా మారడం నేనెప్పుడూ వినలేదు.

ఎండ పెరుగుతున్నప్పుడు ఫారెస్టు గార్డు వచ్చాడు. ఒక్కడే, మోటారు సైకిల్ మీద. రెక్క విప్పి చూసి, ఎముకకు దెబ్బ తగల్లేదు, తోలే గీరుకుపోయింది, నీళ్ళలో వదిలితే చాలన్నాడు. అయితే బండి లేదు. నాయన అప్పటికే మా ఊళ్ళో లగేజీ ఆటో నడిపే అతనికి ఫోన్ చేయిస్తున్నాడు. ఆటో వచ్చింది. వెనక గోనెలు పరిచి, తడిపి, పక్షిని కూర్చోబెట్టారు. గార్డు దాన్ని పట్టుకున్నాడు. నాయనా మామా చెరోపక్కా కూర్చున్నారు. నేను స్కూటీ మీద వెంటపడ్డాను. దారిలో నన్ను దాటిన బస్సులో నుంచి జనం తలలు బయటపెట్టి చూశారు. ఇద్దరు ముసలివాళ్ళ మధ్య టవలు కప్పుకున్న మూడో ముసలివాడు కూర్చున్నట్టే ఉంది.

నాగలమడిక దగ్గర పినాకినిలో ఆ ఏడు నీళ్ళు నిలిచి ఉన్నాయి. గార్డు మోకాలి లోతుకు దిగి పక్షిని నీళ్ళమీద పెట్టి, టవలు లాగి, వెనక్కు జరిగాడు.

మామ గట్టు మీద నిలబడి ఉన్నాడు. ఆయనకు నీళ్ళ మెరుపు తప్ప ఏమీ కనిపించదు.

“ఏం చేస్తాండాది బావా?”

నాయన మాటకారి కాదు. పెళ్ళిళ్ళలో కూడా నాలుగు మాటలకు మించి మాట్లాడి ఎరగడు. నేను చెబుదామని నోరు తెరిచేలోపల ఆయనే మొదలుపెట్టాడు.

“ఊరికే ఉండాది. నీళ్ళ మీద కూర్చోనుండాది, మనం మంచం మీద కూర్చున్నట్ల. ఇప్పుడు మూతి నీళ్ళలో పెట్టె. ఎత్తె. సంచి నిండా నీళ్ళు పట్టె బావా! కారిపోతాండాయి, రెండు పక్కలా కారిపోతాండాయి. తలకాయ ఇదిలిచ్చె.”

“ఎగరలేదా?”

“ఉండప్పా, చెప్తాండా కదా. తిరిగె. గాలికి ఎదురు తిరిగిండాది. రెక్కలు విప్పె. అబ్బా, ఏం రెక్కలు బావా! మన పంచ ఈ చివర నుంచి ఆ చివరికి ఉండాయి. కాళ్ళతో నీళ్ళు తంతాండాది, రెండు కాళ్ళూ జతగా పెట్టి ఎగురుతాండాది, కప్ప మాదిరి. లేచె! లేచె బావా!”

“నువ్వు సుళ్ళు చెప్తాండావు. పంచ అంత రెక్కలా?”

“నా కండ్లతో చూస్తాండానయ్యా!”

“ఎట్ల నమ్మేది? నువ్వు చెప్తే నేను నమ్మల్లనా?”

నాయనకు కోపం వచ్చింది. నిజంగానే వచ్చింది. “నమ్మకుంటే పో. పోయి కండ్లు చూపించుకో. నువ్వే చూద్దువుగానీ” అని అరిచాడు. గార్డు ఉలిక్కిపడి వెనక్కు తిరిగాడు. పక్షి ఏటి మీద గుండ్రంగా తిరుగుతూ పైకి పోతుంటే, రెక్కల చప్పుడు వినిపించినంతసేపు మామ తల ఎత్తి అటే నిలబడ్డాడు.

ఆ వారమే మామ ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. “కోడలా, ఆ సూది కండ్లోనే వేస్తారా, చేతికి వేస్తారా?”

ఆపరేషన్ పావగడలోనే జరిగింది. ఆస్పత్రి నుంచి తీసుకొచ్చి మా ఇంట్లోనే పెట్టుకున్నాం. పట్టీ తీసిన రోజు నాయన ఊరి నుంచి వచ్చి మంచానికి ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు. మామ చాలాసేపు రెప్పలు కొట్టుకుని, నాయన మొహంలోకి వంగి చూశాడు.

“ఏంది బావా, నువ్వింత ముసిలోడివైపోయినావా?”

“నువ్వేమో పెండ్లికొడుకు మాదిరి ఉండావులే” అన్నాడు నాయన. తర్వాత లేచి వంటింట్లోకి వచ్చి, నీళ్ళు తాగే సాకుతో నాకు వీపు తిప్పి నిలబడ్డాడు.

ఎండలు ముదరకముందే ముగ్గురం ప్రయాణం కట్టాం. రాష్ట్రం దాటి హిందూపురం అవతల ఒక ఊళ్ళో చింతచెట్ల మీద గూడబాతులూ రంగురంగుల కొంగలూ గూళ్ళు పెడతాయని నాకు ఆ ఫారెస్టు గార్డే చెప్పాడు. బస్సు మారి, ఆటో ఎక్కి చేరాం. దిగకముందే కంపు, గోల. ఇళ్ళ మధ్య చింతచెట్లు, చెట్ల నిండా పక్షులు. ఆకులు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. కింద ఆడవాళ్ళు బిందెలు తోముకుంటున్నారు, కోళ్ళు తిరుగుతున్నాయి. పైన ఏమీ జరగనట్టే ఉన్నారు.

ఒకామె మాకు మజ్జిగ ఇచ్చింది. “కాన్పుకు పుట్టింటికి వచ్చినట్లేనమ్మా ఇవి. పిల్లలు ఎగిరేదాకా మేం టపాకాయలు కాల్చం” అంది.

మామ మజ్జిగ తాగలేదు. చెట్టు కింద, గూటికి ఎదురుగా నిలబడ్డాడు. తల్లి గూడబాతు వచ్చి వాలింది. నోరు తెరిచింది. పిల్ల తన తలను, మెడను, భుజాల దాకా ఆ సంచిలోకి దూర్చేసింది. తల్లి ఊగిపోతూ ఓర్చుకుని నిలబడింది. మామ తెల్లటి గడ్డం ఎత్తి చూస్తూనే ఉన్నాడు. కొత్త కంటి నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఎండ తగలకూడదని డాక్టరు చెప్పాడు కదా అని నల్లద్దాలు అందించబోయాను.

“వద్దమ్మా, రంగు మారిపోతాది” అన్నాడు.

నాయన పక్కకు వచ్చి నిలబడ్డాడు. “పంచ అంత లేదులే రెక్క. కొంచిం తక్కువ” అన్నాడు.

“తక్కువేం లేదు. నువ్వు సరిగ్గానే చెప్పినావు” అన్నాడు మామ.

అంతలో పైనుంచి తెల్లటి రెట్ట ఒకటి నాయన ఇస్త్రీ చొక్కా మీద పడింది. మజ్జిగ ఇచ్చినామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. మామ అయితే నవ్వి నవ్వి గోడ పట్టుకున్నాడు. నాయన చొక్కా విప్పి ఆమె తొట్టి దగ్గర తడుపుకున్నాడు. బనియన్‌తోనే తిరిగి వచ్చి, ఆ కొమ్మ చివరి గూట్లో పిల్లలు రెండా, మూడా అని మామతో వాదం పెట్టుకున్నాడు. నాయన రెండంటాడు, మామ మూడంటాడు. బస్సుకు టైమవుతోందని చెప్పి చెప్పి నాకు నోరు నొప్పి పుట్టింది. ఆ ఇల్లుగలామె అరుగు మీద చోటు చూపించి, “కూర్చోమ్మా, వాళ్ళిప్పట్లో కదలరు” అంది. నేను చెప్పులు విడిచి కూర్చున్నాను.